ఫ్రిజ్‌లో పెట్టిన పుప్పొడి ఎందుకు చచ్చిపోతోంది?

ఏటా ఏప్రిల్ వచ్చిందంటే నాకు ఒకే రకం ఫోన్లు. "తెల్ల అమరిల్లిస్ (దుంపతో పెరిగే పూల మొక్క) పుప్పొడి ఫ్రిజ్‌లోనే దాచానండీ. రెండూ కలిపి కొత్త రకం తీద్దామని, ఎర్రది పూశాక దాని పూవుకు రాశాను. కాయ కట్టకుండానే వాడిపోయింది." నేను అడిగేదీ ఒకటే ప్రశ్న: ఆరబెట్టే పెట్టారా? అవతల కాసేపు మాట ఉండదు.

అపోహ: ఫ్రిజ్‌లో పెడితే చాలు, పుప్పొడి చెడదు.

వాస్తవం: సరిగా ఎండని వడియాలు డబ్బాలో పోసి మూత బిగిస్తే ఏమవుతుందో మీకు తెలుసు. పుప్పొడికీ అంతే. అది ప్రాణమున్న కణం. తేమ ఉన్నంతసేపు శ్వాసిస్తూ, దాచుకున్న చక్కెర ఖర్చు చేసుకుంటూ ఉంటుంది. చల్లదనం ఆ ఖర్చు తగ్గిస్తుంది, ఆపదు. ఫ్రీజర్‌లోనైతే లోపలి నీరు మంచు పలుకులై కణం పొరలను చీల్చేస్తుంది. ముందు ఆరాలి, తర్వాతే చలి.

ఆరాలి అన్నానని ఎండలో పెట్టేరు! నీడలోనే. కేసరాల కొనల్లోని పుప్పొడి తిత్తులు పగిలి పొడి కనిపించిన రోజు పొద్దున, పూల మీద తడి పోయాక, కేసరాలు తుంచి తెల్ల కాగితం మీద ఒక రోజు పరుస్తాను. ఫ్యాన్ వేయను. హైదరాబాద్‌లో మా తమ్ముడికి ఏప్రిల్‌లో దాంతోనే చాలావరకు పని అయిపోతుంది. మా విశాఖలో కాదు, ఇక్కడి గాలికి ఉప్పు డబ్బాలోనే నీరు ఊరుతుంది. అందుకే కాగితంలో పొట్లం కట్టి, సిలికా జెల్ (తేమ పీల్చే గింజలు) పోసిన గాజు సీసాలో రెండు రోజులు బయట ఉంచి, ఆ సీసాతో సహా ఫ్రిజ్‌లో పెడతాను. ప్లాస్టిక్ కవర్లో కట్టి జెల్ మధ్యలో పెడితే తేమ ఎటు పోతుంది చెప్పండి?

జెల్ ఎందుకు, బియ్యం వేస్తే పోలా అనేవాళ్ళూ ఉన్నారు. మామూలు బియ్యంలోనే 12-14 శాతం తేమ ఉంటుంది. జెల్ రంగు మారితే వేడి చేసి మళ్ళీ వాడుకోవచ్చు. నీలం రకంలో కోబాల్ట్ ఉంటుంది కాబట్టి వంట మూకుట్లో మాత్రం వేయించకండి. నారింజ రంగుది కొనుక్కోండి.

ఇక నా మొదటి ఏడాది పుప్పొడి అంతా నాశనమైంది వేరే తప్పుతో. రోజూ పొద్దున సీసా తీయడం, వెంటనే మూత తెరవడం, పూసిన పూవుకు రాసి మళ్ళీ లోపల పెట్టడం. చల్లటి మజ్జిగ గ్లాసుకు పట్టినట్టే పొడికి చెమ్మ పట్టేది. పదో రోజుకు ముద్ద కట్టింది. ఇప్పుడు పూవుకో చిన్న పొట్లం. కావలసినదొక్కటే వేరే చిన్న సీసాలో ఉంచి బయటికి తీస్తాను, అరగంట ఆగాకే తెరుస్తాను. ఒకసారి బయటికొచ్చింది మళ్ళీ లోపలికి పోదు. ఇలా దాచిన అమరిల్లిస్ పుప్పొడి నాకు ఫ్రిజ్‌లో కొన్ని నెలలు, ఫ్రీజర్‌లో మరుసటి ఏడాది పూతదాకా పనికొచ్చింది.

వరి, మొక్కజొన్న లాంటి గడ్డి జాతులకు ఇది పనికిరాదు. వాటి పుప్పొడి ఆరబెడితేనే చచ్చిపోతుంది. వరిదైతే నిమిషాల్లోనే.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. పసుపుపచ్చగా ఉంటే బతికున్నట్టు కాదు, చచ్చాక కూడా రంగు పోదు. మైక్రోస్కోప్ ఉంటే 10 శాతం చక్కెర నీటిలో రవ్వంత బోరిక్ యాసిడ్ కలిపి, ఆ చుక్కలో చల్లి కొన్ని గంటలాగి చూడండి. బతికున్న పుప్పొడి రేణువులు సన్నటి గొట్టాల్లాంటి నాళాలు చాస్తాయి. లేకపోతే పూవే పరీక్ష. ఉత్త నీళ్ళలో కలిపి రాయకండి, చాలా రకాలు ఉబ్బి పగిలిపోతాయి. షాపులో అమ్మే తేనెటీగల పుప్పొడి తినడానికే. పక్క మొక్క పుప్పొడి పడి మీ వంకాయ రుచి మారదు. కాయ కండ తల్లిది, మార్పు కనిపించేది లోపలి గింజ మొలిచాకే.

పోయిన వారం ఒకావిడ చాలా టెన్షన్‌గా అడిగారు: ఇంట్లో పసిపిల్ల ఉంది, ఫ్రిజ్‌లో పుప్పొడి ఉంటే పాలకు ఏమైనా అంటుతుందా అని. బిగించిన సీసాలోంచి అది ఎగిరి రాదమ్మా, భయపడకండి. ఆస్తమా ఉన్నవాళ్ళుంటే తిత్తులు దులిపే పని వాళ్ళకు దూరంగా, మాస్కు పెట్టుకుని చేయండి. సీసా మీద మాత్రం రకం పేరు, తేదీతో పాటు 'తినేది కాదు' అని పెద్దక్షరాలతో రాయండి. మా అత్తగారు ఒకసారి మూత తీసి వాసన చూసి, పసుపు పాడైపోయిందని సీసా శుభ్రంగా కడిగి బోర్లించారు.