పంటు కాదండీ, ఫెర్రీ: హారిస్ దీవి కాటేజీల మీద అపోహలు - వాస్తవాలు

"అక్కా, కాటేజీ దొరికింది, డబ్బు కట్టేశాం. ఫెర్రీ సంగతి రేవుకెళ్లాక చూసుకుంటాం."

ఏటా వేసవి వచ్చేసరికి నా ఫోన్‌కి ఈ మెసేజ్ ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. పంపేది లండన్, రెడింగ్, మాంచెస్టర్ లాంటి చోట్ల ఉండే మనవాళ్లే. ఊరి నుంచి అమ్మానాన్న వచ్చి ఉంటారు, పిల్లలకు సెలవులు, హారిస్‌లోని లస్కెంటైర్ ఇసుక తీరం ఫోటో ఎవరో పెట్టి ఉంటారు. ఇంకేముంది, బయల్దేరడమే.

నేను స్కాట్లాండ్ పశ్చిమాన, హారిస్ దక్షిణ కొసన లీవర్‌బరా చుట్టుపక్కల మూడు కాటేజీలు చూసుకుంటాను. ఇళ్లు నావి కావు, యజమానులు వేరే ఊళ్లలో ఉంటారు. తాళాలు, దుప్పట్లు, శనివారం ఒక కుటుంబం వెళ్లి ఇంకో కుటుంబం వచ్చేలోపు ఇల్లు కడిగి సర్దడం, రాత్రి పదింటికి "హీటర్ రావట్లేదు" అంటే పరిగెత్తడం నా పని. అడిగిన ప్రశ్నలే మళ్లీ మళ్లీ అడుగుతున్నారు కాబట్టి ఒకచోట రాసిపెడుతున్నాను.

అపోహ: రేవుకెళ్లి వరసలో ఉంటే ఎక్కించుకుంటారు

మాది కోనసీమ. ఈ నమ్మకం ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి పెరిగినవాళ్లం. బండి వరసలో పెడతాం, ఇది నిండిపోతే ఇంకోటి వస్తుంది, అవతల నరసాపురం. స్కాట్లాండ్‌లోనూ అలాంటివి లేకపోలేదు. ఫోర్ట్ విలియం దగ్గర కొర్రాన్ ఫెర్రీకి బుకింగ్ అనేదే లేదు, వెళ్లి వరసలో ఉండటమే. అది ఎక్కినవాళ్లు వాట్సాప్ గ్రూపులో "మేం బుక్ చేయకుండానే వెళ్లొచ్చాం" అని పెడతారు. పదిమంది దాన్ని ఫార్వర్డ్ చేస్తారు. ఏ ఫెర్రీ, ఏ నెల అని ఒక్కరూ అడగరు.

హారిస్ ఓడ సంగతి వేరు. స్కై దీవిలోని ఊయిగ్ నుంచి మా టార్బర్ట్‌కి గంటా నలభై నిమిషాలు. రోజుకు ఒకటో రెండో ట్రిప్పులు. మనుషులకు చోటు దాదాపు ఎప్పుడూ ఉంటుంది, దొరకనిది కారుకే. 2008లో ఈ దీవులకు ఫెర్రీ చార్జీలను రోడ్డు ప్రయాణం ఖర్చుతో పోల్చి తగ్గించారు. అప్పటి నుంచి కార్లతో వచ్చేవాళ్లు బాగా పెరిగారు. జూలై, ఆగస్టు శనివారాల్లో కారు చోట్లు వారాల ముందే అయిపోతాయి. కాటేజీలు ఎక్కువగా శనివారం నుంచి శనివారం దాకానే ఇస్తారు కాబట్టి అందరికీ అదే రోజు కావాలి మరి.

కొన్నేళ్ల క్రితం జూలై చివర్లో ఒక శనివారం, బాత్రూమ్ కడుగుతుంటే ఫోన్ మోగింది. రెడింగ్ నుంచి ఒక అబ్బాయి. భార్య, ఇద్దరు పిల్లలు, రాజమండ్రి నుంచి వచ్చిన అమ్మానాన్నలతో రెండు రోజులు కారు నడిపి ఊయిగ్ చేరాడు. కారుకు మంగళవారం దాకా చోటు లేదన్నారట. వెయిటింగ్ వరసలో నిలబెడితే ముందు ఇంకా ఏడు కార్లు. "అక్కా, వారానికి మొత్తం కట్టేశాం కదా, ఇప్పుడెలా?" అంటుంటే గొంతు వణికింది. వెనకనుంచి మామ్మగారు "ముందు ఆ పులిహోర తినండిరా, తర్వాత ఏడుద్దురు గానీ" అనడం నాకు స్పష్టంగా వినిపించింది.

కారు అక్కడే పెట్టేసి నడిచి ఎక్కేయమన్నాను. నాలుగు పెట్టెలు, ఒక రైస్ కుక్కర్‌తో ఎక్కారు. మా పక్కింటాయన గొర్రెలు పెంచుతాడు. ఆయన తన వ్యాన్‌లో టార్బర్ట్ దాకా వెళ్లి రెండు విడతలుగా తీసుకొచ్చాడు, డబ్బిస్తే తీసుకోలేదు. మంగళవారం కారు తెచ్చుకుందామంటే తిరుగు ప్రయాణంలో శనివారం కారుకు చోటు లేదు. వారమంతా దీవిలో పెద్ద ఊరైన స్టోర్నోవేకీ లీవర్‌బరాకీ మధ్య తిరిగే డబ్ల్యూ10 బస్సే దిక్కయింది. ఆదివారం అదీ ఉండదు. కాలనిష్‌లో ఐదు వేల ఏళ్ల నాటి నిలువురాళ్లు చూడాలని వచ్చినవాళ్లు వాటిని చూడకుండానే వెళ్లారు.

అందుకే చెబుతున్నాను, చాలామంది తిరగేసి చేస్తారు. ఈ సీజన్‌కే వస్తుంటే కాటేజీకి డబ్బు కట్టేముందు ఫెర్రీ సైట్ తెరిచి రానూ పోనూ కారుకు చోటుందో లేదో చూడండి. రెండు వైపులా. వెళ్లేది దొరికింది చాలనుకుని తిరుగు టికెట్ మర్చిపోయినవాళ్లు నాకు ఏటా తగులుతారు. వచ్చే ఏడాదికైతే చిక్కు ఇంకో రకం. కాటేజీ ఏడాది ముందే బుక్ అవుతుంది, ఫెర్రీ వేసవి టైమ్‌టేబుల్ మాత్రం తర్వాతెప్పుడో తెరుస్తారు. ఆ తేదీ తెలుసుకుని ఫోన్‌లో అలారం పెట్టుకోండి.

ఊయిగ్ నుంచి టార్బర్ట్ ఓడ నిండిపోతే ఆశ వదులుకోనక్కర్లేదు. స్కాట్లాండ్ ప్రధాన భూభాగంలోని అల్లాపూల్ నుంచి స్టోర్నోవేకి పెద్ద ఓడ ఉంది, రెండున్నర గంటల పైన పడుతుంది, అక్కడి నుంచి మా దగ్గరికి గంటన్నర డ్రైవింగ్. లేదా ఊయిగ్ నుంచి మాకు దక్షిణాన పక్క దీవిలోని లాక్‌మాడీ వెళ్లి, అక్కడి నుంచి రోడ్డు మీద బెర్నరే చేరి, చిన్న ఫెర్రీలో రాళ్ల మధ్య వంకర్లు తిరుగుతూ లీవర్‌బరాలో దిగొచ్చు. నాకైతే ఆ దారే ఇష్టం. శనివారం బదులు శుక్రవారం ఓడ దొరికితే ఆ ఒక్క రాత్రికి వేరే గది చూసుకోండి, ఇంకా చవకే. బుక్ చేసేటప్పుడు కారు పొడవు, ఎత్తు అడుగుతారు. పైన సామాను పెట్టె ఉంటే దాన్నీ కలిపి చెప్పండి.

అపోహ: ఓడ రద్దయితే కాటేజీ డబ్బు వాపసిస్తారు

ఇవ్వరు, చాలా ఒప్పందాల్లో అలా ఉండదు. గాలి ఎక్కువైనా, ఓడ మరమ్మతుకు వెళ్లినా ఫెర్రీవాళ్లు మీ ఫెర్రీ చార్జీ వాపసిస్తారు, లేదా తర్వాతి ట్రిప్పులో సర్దుతారు. అంతవరకే. ఇల్లు మీకోసం ఖాళీగానే ఉంది కదా, అంటారు యజమానులు. కఠినంగా వినిపిస్తుంది, నిజమే. ఫోన్‌లో ఏడ్చినవాళ్లతో నాకూ గొంతు పట్టేసింది. కానీ ఇంటి యజమానికి కూడా ఆ వారం మళ్లీ రాదు.

ట్రావెల్ ఇన్సూరెన్స్ విదేశాలకే అనుకోకండి. బ్రిటన్ లోపలి ప్రయాణాలకూ ఉంటుంది. ఫెర్రీ రద్దును కవర్ చేస్తుందో లేదో పాలసీలో చదివి మరీ తీసుకోండి.

ఇంకొక్క మాట, బతిమాలి చెబుతున్నా. అమ్మానాన్నల హైదరాబాద్ విమానం దీవి నుంచి బయల్దేరిన ఒకటి రెండు రోజుల్లోనే పెట్టకండి. ఒక అక్టోబర్‌లో ఒకావిడ శనివారం ఓడ, సోమవారం పొద్దున్న లండన్‌లో ఫ్లైట్ పెట్టుకుంది. గాలికి శనివారం ఓడ కదల్లేదు. టికెట్లు మళ్లీ కొన్నారు. ఆ డబ్బుతో ఇంకో వారం ఇక్కడే ఉండొచ్చు.

అపోహ: మ్యాప్‌లో పేరు కొడితే చాలు

టార్బర్ట్‌లు ఒకటికి మించి ఉన్నాయి. ప్రధాన భూభాగంలో కింటైర్ వైపు ఇంకో టార్బర్ట్ ఉంది, ఖర్మకొద్దీ అక్కడా ఫెర్రీ ఉంది. ఊయిగ్‌లూ రెండు. ఓడ ఎక్కే ఊయిగ్ స్కైలో ఉంది, 1831లో పాత చదరంగం పావులు దొరికిన ఊయిగ్ లూయిస్‌లో, అంటే మా దీవి ఉత్తర భాగంలో ఉంది. స్కై అనుకుని లూయిస్ ఊయిగ్‌లో ఇల్లు తీసుకున్న ఒకాయన "బ్రిడ్జి మీదుగా ఎంతసేపు పడుతుంది?" అని అడిగాడు. సముద్రం దాటాలి బాబూ! స్కైకి 1995 నుంచి వంతెన ఉంది, మాకు లేదు. పోస్ట్‌కోడ్ చూసి బుక్ చేసుకోండి. అన్నట్టు లూయిస్, హారిస్ రెండు దీవులు కావు, ఒకే నేల మీద రెండు పేర్లు.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

"ఆదివారం బయటికొస్తే తిడతారట." ఎవరూ తిట్టరు. ఇక్కడివాళ్లు ఆదివారాన్ని దేవుడి రోజుగా నిష్ఠగా పాటిస్తారు, హారిస్‌లో దుకాణాలు చాలావరకు మూసి ఉంటాయి, కాబట్టి శనివారమే పాలూ కూరగాయలూ తెచ్చుకోండి. స్టోర్నోవే నుంచి ఆదివారం ఓడ 2009లోనే మొదలైంది, అక్కడి టెస్కో సూపర్‌మార్కెట్ 2024 నవంబర్ నుంచి ఆదివారం తెరుస్తోంది. బట్టలు మాత్రం ఆ రోజు బయట ఆరేయకండి, పక్కింటి ముసలావిడ నొచ్చుకుంటుంది. అంతే.

"దీవిలో స్థిరపడితే 50,000 పౌండ్లు ఇస్తారట కదా?" ఇవ్వరు! 2021లో స్కాట్లాండ్ ప్రభుత్వం అలాంటి ఆలోచన చేసింది, 2022లో వదిలేసింది. ఆ మాట చెప్పే వీడియో మాత్రం చావదు.

"ఆరుగురికి తీసుకుని తొమ్మిదిమంది సర్దుకుంటాం, కింద పరుపులు వేసుకుంటాం." కుదరదు. ఇలా అద్దెకిచ్చే ప్రతి కాటేజీకీ కౌన్సిల్ లైసెన్స్ ఉండాలి. ఎంతమంది ఉండొచ్చో అందులోనే రాసి ఉంటుంది. ప్రకటనలో లైసెన్స్ నంబర్ లేకపోతే డబ్బు పంపకండి, దొంగ ప్రకటనలూ తిరుగుతున్నాయి.

"ఒంటి వరస రోడ్డు, ఎదురుగా బండొస్తే ఏం చేయాలి?" బండ్లు తప్పుకోవడానికి రోడ్డు పక్కన వదిలిన చోటు, అదే పాసింగ్ ప్లేస్, ఎడమ పక్కనుంటే అందులోకి వెళ్లండి, కుడి పక్కనుంటే దానికి ఎదురుగా మీ వైపే ఆగండి. ఫోటోల కోసం అందులో కారు పార్క్ చేయకండి. గొర్రెలకు ఈ రూల్స్ తెలియవు.

"ఆగస్టే కదా, స్వెట్టర్ ఎందుకు?" తెచ్చుకోండి. గాలి లేని సాయంత్రం మిడ్జ్‌లనే, దోమల్లా కుట్టే బుల్లి పురుగులు కమ్ముకుంటాయి, వాటికి మందు కూడా.

మన వంట వండితే ఏమైనా అంటారా?

ఇది అపోహ కంటే భయం. చాలామంది ఆడవాళ్లు నాకు విడిగా మెసేజ్ పెట్టి, చిన్న గొంతుతో అడిగినట్టు అడుగుతారు. నిక్షేపంగా వండుకోండమ్మా. ఇంట్లో వంటిల్లు ఉన్నది అందుకే. నేను చూసే మూడిళ్ల యజమానుల్లో ఎవరూ సాంబారు వాసన మీద ఇంతవరకు ఫిర్యాదు చేయలేదు. చేప వేయించిన స్కాటిష్ అతిథుల మీద చేశారు.

రెండు జాగ్రత్తలు చాలు. స్కాట్లాండ్‌లో 2022 నుంచి ఇళ్లలో అలారాలన్నీ ఒకదానితో ఒకటి కలిపి ఉండాలి. వంటింట్లోది వేడికి మోగుతుంది, హాల్లోది పొగకు మోగుతుంది, ఒకటి మోగితే అన్నీ మోగుతాయి. ఎండుమిరపకాయల తాలింపు పెట్టేటప్పుడు కిటికీ తీసి, హాలు వైపు తలుపు మూసేయండి. రెండోది, బజ్జీలు వేయించిన నూనె సింకులో పోయకండి. ఇక్కడ చాలా ఇళ్లకు సెప్టిక్ ట్యాంకే. సీసాలో పోసి నాకు చెప్పండి, నేను తీసుకెళ్తాను.

కొళాయి నీళ్లు టీ రంగులో వస్తున్నాయని కూడా కంగారుపడతారు. నేను చూసే ఇళ్లలో ఒకదానికి కొండ మీది ఊట నీళ్లే. పీట్ నేల, అంటే మొక్కలు కుళ్లి పేరుకున్న నల్లటి తడి నేల మీదుగా వస్తాయి కాబట్టి ఆ రంగు, వడపోసి శుద్ధి చేశాకే కొళాయికి వస్తాయి. రెడింగ్ కుటుంబం దిగింది ఆ ఇంట్లోనే. కోడలు గ్లాసు పట్టుకుని నాకు ఫోటో పంపింది, "అక్కా, ఇవి తాగొచ్చా?" అని. నేను జవాబు టైప్ చేసేలోపే ఇంకో మెసేజ్ వచ్చింది. వరద గోదారి కంటే తేటగానే ఉన్నాయంటూ మామ్మగారు అప్పటికే వాటితో కాఫీ పెట్టేశారట.