కుందేలు తలది ఒక నలుపు, ఒంటిది ఇంకో నలుపు

పున్నమి చంద్రుణ్ణి ఫొటో తీయడం దండగ అంటారు టెలిస్కోపు ఉన్నవాళ్లు. నీడలుండవు, గుంతలు తేలవు, అంతా దోసెలా చదునుగా ఉంటుంది. నిజమే. కానీ నీడ లేనప్పుడు కనిపించే మచ్చలన్నీ అక్కడి మట్టివే, ఎండ వాలుగా పడటం వల్ల వచ్చినవి కావు. మనకు కావలసింది ఆ మట్టే.

చందమామలో కుందేలును గుర్తుపట్టగలిగితే సగం పని అయినట్టే. చెవులు రెండూ ఫికండిటాటిస్, నెక్టారిస్ మైదానాలు. తల ట్రాంక్విలిటాటిస్, 1969లో అపోలో 11 దిగిన చోటు. తల దాటి ఒళ్లు మొదలయ్యే దగ్గర సెరినిటాటిస్. కంటికి ఈ తల, సెరినిటాటిస్ రెండూ దాదాపు ఒకే నలుపు. అతినీలలోహితంలో (యూవీ) ఒక ఫొటో, పరారుణంలో (ఐఆర్) ఒక ఫొటో తీసి, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే మాత్రం రెండు చేల మధ్య గట్టు వేసినట్టు విడిపోతాయి.

కారణం టైటానియం. తల భాగంలోని లావా రాయిలో ఇల్మనైట్ అనే టైటానియం ఖనిజం ఎక్కువ. అది అన్ని కాంతుల్నీ దాదాపు ఒకే తీరున మింగేస్తుంది. మామూలు చంద్రధూళి అలా కాదు, పరారుణం వైపు వెళ్లేకొద్దీ ఎక్కువ కాంతిని వెనక్కి కొడుతుంది. అందుకే భాగహారంలో తల తెల్లగా, సెరినిటాటిస్ నల్లగా వస్తాయి. 1994లో చంద్రుడి చుట్టూ తిరిగిన అమెరికా నౌక క్లెమెంటైన్ 415, 750 నానోమీటర్ల (కాంతి తరంగం పొడవుకు కొలత) చిత్రాలతో టైటానియం పటం గీసిందీ ఈ లెక్కతోనే. అన్నట్టు, ఇక్కడ పరారుణం అంటే చంద్రుడి వేడి కాదు. అదీ ఎండే, మన కంటికి అందనిది.

మామూలు కెమెరా సెన్సార్ ముందు ఈ రెండు కాంతుల్నీ ఆపే గాజు ఒకటి ఉంటుంది. దాన్ని తీయించి, బదులుగా క్వార్ట్జ్ పలక వేయించాలి. ఉత్తగా తీసేస్తే ఫోకస్ తప్పుతుంది. ఫ్లాష్ ఉన్న కెమెరాను ఇంట్లో విప్పొద్దు, బ్యాటరీ తీసినా కెపాసిటర్ గట్టిగా షాక్ కొడుతుంది. అంతకంటే మోనో ఆస్ట్రో కెమెరా (టెలిస్కోపుకు బిగించే నలుపు తెలుపు కెమెరా) మేలు. దాని ముందు గాజు యూవీని ఆపే రకం కాదని కొనేముందే చూసుకోండి.

ఫిల్టర్లు రెండు: 350 నానోమీటర్ల చుట్టుపక్కల కాంతిని వదిలే యూవీ ఫిల్టర్ (శుక్రుడి ఫొటోలకు అమ్మేది), 850 పైన వదిలే ఐఆర్ ఫిల్టర్. టెలిస్కోపు అద్దపుదే, అంటే లెన్సుకు బదులు అద్దంతో కాంతిని పట్టే న్యూటోనియనే కావాలి. లెన్సుల గాజు, వాటి జిగురు, పూత యూవీని తినేస్తాయి. బింబాన్ని పెద్దది చేసే బార్లో లెన్స్ కూడా తీసేయండి. 130 మి.మీ. అద్దం, 650 మి.మీ. ఫోకల్ లెంగ్త్ అయితే చంద్రబింబం సెన్సార్ మీద సుమారు 6 మి.మీ. పడుతుంది. సెన్సార్ ఎత్తు అంతకు తక్కువైతే ముక్కలుగా తీసి అతికించుకోవాలి.

ఇక చోటు. గాలి 350 నానోమీటర్ల కాంతిని 850 కంటే దాదాపు 35 రెట్లు ఎక్కువ చెదరగొడుతుంది. చంద్రుడు తూర్పున 15 డిగ్రీల ఎత్తులో ఉంటే, నడినెత్తిన ఉన్నప్పటికంటే నాలుగింతల గాలి దాటి రావాలి. కర్నూలు, అనంతపురం, కడపల్లో మార్గశిర, పుష్య పున్నములకు చంద్రుడు అర్ధరాత్రికి నడినెత్తికి దగ్గరగా వస్తాడు. రాత్రి పదకొండు నుంచి ఒంటిగంట వరకు మంచి సమయం. కడప బండలు పరిచిన మిద్దె మీద మాత్రం పెట్టొద్దు. పగలంతా కాగిన బండ పొద్దుపోయేదాకా సెగ కక్కుతూనే ఉంటుంది, ఆ సెగలో బింబం నీళ్లలో పైసాలా కదులుతుంది. క్వారీల దుమ్ముకు, రోడ్లకు దూరంగా తడిపిన చేను దొరికితే అంతకంటే ఏం కావాలి?

ఐఎస్ఓ 400 దగ్గర ఐఆర్‌కు 1/125, యూవీకి 1/15 సెకనుతో మొదలుపెట్టి, హిస్టోగ్రామ్ (కెమెరా చూపే వెలుగుల గ్రాఫ్) చూసి సర్దుకోండి. ట్రాకింగ్ (చంద్రుడి వెంట టెలిస్కోపును తిప్పే మోటారు) లేకపోతే 1/15 దాటొద్దు, చంద్రుడు సెకనుకు సుమారు 15 ఆర్క్‌సెకన్ల (ఒక ఆర్క్‌సెకను డిగ్రీలో 3600వ వంతు) చొప్పున జారిపోతుంటాడు. రా ఫైళ్లలో (కెమెరా ఏ మార్పూ చేయని ఫైళ్లు) ఒక్కో ఫిల్టర్‌కు 50కి తగ్గకుండా ఫొటోలు తీసి, ఒకటిగా కలపాలి. అద్దపు టెలిస్కోపుకు రంగును బట్టి ఫోకస్ మారదు కాబట్టి ఒకసారి పెడితే చాలనుకుంటారు. అక్కడే బోల్తా పడతారు. 2 మి.మీ. మందం ఉన్న ఫిల్టర్ ఫోకస్‌ను 0.7 మి.మీ. దాకా వెనక్కి నెడుతుంది. రెండు ఫిల్టర్ల మందం వేరైతే మళ్లీ ఫోకస్ చేయాల్సిందే. ఐఎస్ఓ బాగా పెంచి, అన్నిటికంటే తెల్లగా మెరిసే అరిస్టార్కస్ బిలం మీద చేయండి.

కొన్ని యూవీ ఫిల్టర్లు ఐఆర్‌ను కూడా కొంచెం కారుస్తాయి. సెన్సార్‌కు ఐఆర్ మీదే మక్కువ ఎక్కువ గనక ఆ కొంచెమే చిత్రాన్ని పాడుచేస్తుంది. రెండు ఫిల్టర్లనూ ఒకదాని మీద ఒకటి పెట్టి, అదే 1/15తో తీయండి. ఫ్రేమ్ నల్లగా రావాలి.

భాగహారానికి జింప్ అనే ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ చాలు. యూవీ చిత్రం కింద, ఐఆర్ పైన, లేయర్ మోడ్ డివైడ్. అంతకుముందు యూవీ వెలుగును సగానికి తగ్గించకపోతే అంతా తెల్లగా తేలిపోతుంది. షార్పెనింగ్, కర్వ్స్ భాగించాకే. అంచుల్లో నలుపు తెలుపు గీతలొస్తే, ఎక్కువ పదునుగా ఉన్న చిత్రాన్ని కాస్త మసక చేసి మళ్లీ భాగించండి.

చివరగా అరిస్టార్కస్ పక్కనున్న పీఠభూమిని చూడండి. 1910లో అమెరికా భౌతికశాస్త్రవేత్త ఆర్. డబ్ల్యూ. వుడ్ యూవీ ఫొటోలో అక్కడ నల్లటి మచ్చ చూసి గంధకం అనుకున్నాడు. నిజానికి అక్కడ పరుచుకున్నది అగ్నిపర్వతాలు చిమ్మిన గాజుపూసల బూడిద. మీ ఫొటోలో ఆ మచ్చ రాలేదంటే, ఫిల్టర్ కారుతోందేమో ఇంకోసారి చూడండి.