కన్సోల్ పాడవలేదు, టీవీయే ఆలస్యం చేస్తోంది: వైడ్‌స్క్రీన్ టీవీలపై అపోహలు - వాస్తవాలు

“బటన్ నొక్కిన కాసేపటికి గానీ మనిషి ఎగరట్లేదండీ, కన్సోల్ పోయినట్టుంది.”

కన్సోల్ అంటే టీవీకి తగిలించి వీడియో గేములు ఆడే పెట్టె. టీవీలు బిగించి, సెట్టింగ్స్ సరిచేసే పని నాది. నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ ఇదే మాటతో మొదలవుతాయి. నేను అడిగేది కూడా ప్రతిసారీ ఒకటే: ఈ మధ్య టీవీ మార్చారా? చాలామంది అవుననే అంటారు. పాత డబ్బా టీవీయో, చిన్న టీవీయో తీసేసి పెద్ద వైడ్‌స్క్రీన్ తెచ్చుకుని ఉంటారు. టీవీ కొత్తది, కన్సోల్ పాతది, కాబట్టి తప్పు పాతదానిదే అని తేల్చేస్తారు. ఆ లెక్కతోనే ముందు కంట్రోలర్, అంటే చేత్తో పట్టుకుని బటన్లు నొక్కేది, కొంటారు, తర్వాత కేబుల్ కొంటారు, చివరికి కన్సోలే మార్చేస్తారు. ఇంత ఖర్చయ్యాక కూడా ఆట మునుపటిలాగే నత్తనడక నడుస్తుంటే అప్పుడు నాకు ఫోన్ చేస్తారు. ఆ ఫోన్ మొదటే చేసి ఉంటే ఎంత బాగుండేదని ప్రతిసారీ అనిపిస్తుంది.

అపోహ: కన్సోల్ పంపిన బొమ్మను టీవీ అప్పటికప్పుడే చూపిస్తుంది. ఆలస్యమైతే అది కన్సోల్ లోపమే.

వాస్తవం: పాత పిక్చర్ ట్యూబ్ టీవీ అలాగే చూపించేది. సిగ్నల్ వస్తుండగానే పైనుంచి కిందికి గీత తర్వాత గీత గీసుకుంటూ పోయేది, మధ్యలో ఆపి ఆలోచించే పనే దానికి లేదు. ఇప్పటి టీవీ లోపల ఒక కంప్యూటర్ ఉంది. వచ్చిన ఫ్రేమును, అంటే కదిలే బొమ్మలోని ఒక్కో చిత్రాన్ని, అది ముందు పట్టి ఉంచుకుంటుంది. సైజు మారుస్తుంది, గరగర తీసేస్తుంది, అంచులు చెక్కుతుంది, రంగులు పెంచుతుంది, అప్పుడు వదులుతుంది. కదలికను నున్నగా చేసే మోషన్ స్మూతింగ్ ఆన్‌లో ఉంటే ఇంకా కష్టం. రెండు ఫ్రేముల మధ్య లేని ఫ్రేమును తయారు చేయాలంటే తర్వాతి ఫ్రేము వచ్చేదాకా అది ఆగాల్సిందే.

సినిమాకి ఈ ఆలస్యం తెలియదు. బొమ్మతో పాటు మాటనూ అంతే ఆపి వదులుతుంది కాబట్టి ఎవరూ గమనించరు. ఆటలో అలా కుదరదు, మీ వేలు ఆగదు కదా. సెకనుకు 60 ఫ్రేముల ఆటలో ఒక్కో ఫ్రేము నిలిచేది 16.7 మిల్లీసెకన్లు. సినిమా మోడ్‌లోనో స్టాండర్డ్ మోడ్‌లోనో ఉన్న టీవీ ఒక్కటే 100 మిల్లీసెకన్ల దాకా తినేయడం మామూలే. అంటే మీరు చూస్తున్నది ఆరు ఫ్రేముల కిందటి ఆట. అదే టీవీని గేమ్ మోడ్‌లో పెడితే, కాస్త మంచి సెట్ అయితే, 10 నుంచి 20 మిల్లీసెకన్లకు దిగిపోతుంది. టీవీ అదే, కన్సోల్ అదే. మారింది మెనూలో ఒక్క వరుస.

ఈ మాట నోటితో చెబితే నమ్మరు, అందుకే ఫోన్‌తో చూపిస్తాను. ఒక ఇంట్లో పన్నెండేళ్ల పిల్లాడు ఫైటింగ్ గేములు ఆడేవాడు. వాళ్ల నాన్న అప్పటికే రెండు కంట్రోలర్లు మార్చారు. కన్సోల్‌ను రిపేరుకిచ్చి దుమ్ము దులిపించి తెచ్చారు. మదర్‌బోర్డు పోయి ఉంటుందని ఎవరో చెప్పారట, కొత్తది కొనే ముందు ఒకసారి చూడమని నన్ను పిలిచారు. నా ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్ ఉంది. పిల్లాడి బొటనవేలు, టీవీ రెండూ కెమెరాలో పడేలా పట్టుకుని, ఎగిరే బటన్ నొక్కమన్నాను. తర్వాత ఆ వీడియోను ఒక్కో ఫ్రేమూ జరుపుతూ లెక్కపెట్టాం. వేలు బటన్‌ను అడుగుదాకా నొక్కింది... ఒకటి, రెండు, మూడు... బొమ్మ కాళ్లు నేల వదిలేసరికి ముప్పై ఒకటి. ఒక్కో ఫ్రేముకు నాలుగు మిల్లీసెకన్ల పైన వేసుకుంటే దగ్గర దగ్గర 130. టీవీ సినిమా మోడ్‌లో ఉంది. గేమ్ మోడ్‌కు మార్చి మళ్లీ తీశాం: పదహారు. ఆ పదహారులో ఆట తన లెక్కలు చేసుకునే సమయం కూడా ఉంది, దాన్ని ఎవరూ తగ్గించలేరు. తగ్గిన పదిహేను మాత్రం పూర్తిగా టీవీ తింటున్నవే.

పిల్లాడు మరో రెండు రౌండ్లు ఆడి, తల తిప్పకుండానే అన్నాడు: “నాకే ఆడటం రావట్లేదేమో అనుకున్నా అంకుల్.” నాలుగు నెలలుగా అలాగే అనుకుంటున్నాడట. వాళ్ల నాన్న ఏమీ మాట్లాడలేదు, వాడి పక్కన కూర్చుని రెండో కంట్రోలర్ చేతిలోకి తీసుకున్నారు. అందుకే ఈ విషయం ఇంత గట్టిగా చెబుతున్నాను. పోయేది డబ్బు ఒక్కటే కాదు. ఒక పిల్లాడు తన చేతుల మీద నమ్మకం పోగొట్టుకున్నాడు.

కాబట్టి ఏదైనా కొనే ముందు రిమోట్ తీయండి. పిక్చర్ మోడ్‌లో ‘గేమ్’ ఉంటుంది. కొన్ని టీవీల్లో అది పిక్చర్ మెనూలో కనిపించదు, జనరల్‌లోనో, బయటి పరికరాల సెట్టింగ్స్‌లోనో దాక్కుని ఉంటుంది. చాలా టీవీలు ఈ మోడ్‌ను ఒక్కో హెచ్‌డీఎంఐ పోర్టుకు విడివిడిగా గుర్తుంచుకుంటాయి. ఒకటో పోర్టులో పెట్టి, తర్వాత కన్సోల్‌ను రెండో దానికి మారిస్తే మళ్లీ మొదటికి వస్తుంది. కొత్త కన్సోళ్లు తామే టీవీకి చెప్పి గేమ్ మోడ్‌లోకి మార్చుకుంటాయి, దాన్నే ఏఎల్ఎల్ఎం అంటారు. అది టీవీలోనూ కన్సోల్‌లోనూ రెండుచోట్లా ఆన్ అయి ఉండాలి. మధ్యలో పాత ఆడియో రిసీవరో సౌండ్‌బారో ఉంటే ఆ కబురు అక్కడే ఆగిపోవచ్చు. అనుమానం ఉంటే కన్సోల్‌ను నేరుగా టీవీకి తగిలించి చూడండి.

“గేమ్ మోడ్‌లో రంగులు చచ్చిపోతాయండీ” అని మళ్లీ తీసేసేవాళ్లున్నారు. షోరూమ్‌లో కళ్లు చెదరడానికి పెట్టిన రంగులకు అలవాటు పడటం వల్ల అలా అనిపిస్తుంది. బ్రైట్‌నెస్, కలర్, కలర్ టెంపరేచర్ గేమ్ మోడ్‌లో కూడా విడిగా మార్చుకోవచ్చు, వాటి వల్ల ఆలస్యం పెరగదు. ఒక వారం అలా ఆడి చూడండి.

ఇంకో గందరగోళం: డబ్బా మీద “1 మిల్లీసెకను” అని రాసి ఉంది కాబట్టి మాకు ల్యాగ్, అంటే ఆలస్యం, ఉండదనుకోవడం. ఆ అంకె రెస్పాన్స్ టైమ్. ఒక పిక్సెల్ ఒక రంగు నుంచి మరో రంగుకు మారడానికి పట్టే సమయం. బటన్‌కూ బొమ్మకూ మధ్య ఆలస్యం ఇన్‌పుట్ ల్యాగ్. రెండూ వేర్వేరు, రెండోది డబ్బా మీద చాలావరకు వేయరు. వందల, వేల హెర్ట్జ్ అంకెలు కూడా ఎక్కువగా మోషన్ స్మూతింగ్‌ను కలిపి వేసినవే. ప్యానెల్ అసలు రిఫ్రెష్ రేటు, అంటే సెకనుకు ఎన్నిసార్లు బొమ్మను మార్చగలదో ఆ లెక్క, 60నా 120నా అన్నదే మీరు అడగాల్సింది.

అపోహ: బొమ్మ స్క్రీన్ నిండా ఉందంటే వైడ్‌స్క్రీన్‌లో ఆడుతున్నట్టే.

వాస్తవం: వెడల్పుకూ ఎత్తుకూ ఉన్న నిష్పత్తి చూస్తే పాత టీవీ 4:3, వైడ్‌స్క్రీన్ 16:9. మొదటిదాన్ని రెండోదాని నిండా లాగితే ప్రతిదీ మూడో వంతు వెడల్పెక్కుతుంది. మనుషులు పొట్టిగా, లావుగా అవుతారు. అయినా నెలల తరబడి గమనించని ఇళ్లను చూశాను, కన్ను అంత త్వరగా సర్దుకుంటుంది. దీనికి టేపు చాలు. ఆటలో గుండ్రంగా ఉండాల్సినది ఏదైనా, కారు చక్రమో బంతో, ఎదురుగా కనిపించినప్పుడు ఆపి నిలువు, అడ్డం కొలవండి. రెండూ సమానంగా రాకపోతే ఎక్కడో లాగుతోంది.

ఆ ‘ఎక్కడో’ మూడు చోట్ల ఉండొచ్చు: టీవీలో, కన్సోల్‌లో, ఆటలో. 2000లో వచ్చిన ప్లేస్టేషన్ 2 సిస్టమ్ మెనూలోనే 16:9 ఉంది. అక్కడ పెట్టినా చాలా ఆటల్లో, ఆట సొంత ఆప్షన్స్‌లోకి వెళ్లి మళ్లీ పెట్టాలి. వైడ్‌స్క్రీన్ కోసం సరిగ్గా తయారు చేసిన ఆట అయితే పక్కలకు కొత్తగా ఎక్కువ చోటు చూపిస్తుంది. కొన్ని ఆటలు మాత్రం పైనా కిందా కోసేసి దాన్నే వైడ్‌స్క్రీన్ అన్నాయి. అసలు వైడ్‌స్క్రీనే లేని పాత ఆట అయితే పక్కల నల్ల పట్టీలు రానివ్వండి. అది లోపం కాదు, ఆ ఆటను గీసిన కొలత అది.

అంచులు కోయడం ఇంకోటి. మూలన ఉండాల్సిన మ్యాప్ సగమే కనిపిస్తుందా? మిగిలిన తూటాల అంకె తెగిపోయిందా? ఆట తప్పు కాదు. ట్యూబ్ టీవీల కాలంలో అంచుల్లోని గజిబిజి దాచడానికి బొమ్మను కొంచెం పెద్దది చేసి నాలుగు వైపులా కొంత దాచేవారు. దాన్ని ఓవర్‌స్కాన్ అంటారు. పిక్సెళ్లు లెక్కగా ఉండే ఇప్పటి ప్యానెల్‌కు ఆ అవసరమే లేదు, అయినా ఆ అలవాటు సెట్టింగ్స్‌లో ఇంకా మిగిలి ఉంది. పిక్చర్ సైజులో జస్ట్ స్కాన్, స్క్రీన్ ఫిట్, ఫుల్ పిక్సెల్ అని ఒక్కో కంపెనీ ఒక్కో పేరుతో పెడుతుంది. అది ఎంచుకుంటే పోయిన అంచు తిరిగి వస్తుంది, బొమ్మ కూడా తేటపడుతుంది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

వైడ్‌స్క్రీన్ అంటే హెచ్‌డీ కాదు. ఒకటి ఆకారం, ఇంకోటి పిక్సెళ్ల లెక్క. 2006లో వచ్చిన నింటెండో వీ (Wii) కన్సోల్ 16:9లో బొమ్మ ఇస్తుంది, కానీ 480 గీతలు దాటదు. హెచ్‌డీ టీవీ లేక నిజంగా ఇబ్బంది పడిన రోజులు కూడా అవే. 2005లో ఎక్స్‌బాక్స్ 360, మరుసటి ఏడు ప్లేస్టేషన్ 3 వచ్చాక కొన్ని ఆటల్లో అక్షరాలు ఎంత చిన్నవయ్యాయంటే, డబ్బా టీవీలో చదవడం గగనమైంది.

అంగుళాలు ఒకటే అయితే టీవీ ఒకటే సైజు అనుకోకండి. 32 అంగుళాల 4:3 టీవీలో బొమ్మ ఎత్తు 19.2 అంగుళాలు, అదే 32 అంగుళాల వైడ్‌స్క్రీన్‌లో 15.7 మాత్రమే. “కొత్తది చిన్నగా కనిపిస్తోంది” అని మీకు అనిపిస్తే అది భ్రమ కాదు.

21:9 అల్ట్రావైడ్ మానిటర్ కొంటే పక్కల ఎక్కువ కనిపిస్తుందన్నది కంప్యూటర్ మాట. ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ 16:9 బొమ్మే ఇస్తాయి. పక్కలు ఖాళీగానే ఉంటాయి, లేదా లాగినట్టు ఉంటాయి.

ఖరీదైన కేబుల్‌తో రంగులు పెరగవు. 4కెలో సెకనుకు 120 ఫ్రేములు కావాలంటే అల్ట్రా హై స్పీడ్ అని సర్టిఫై చేసిన హెచ్‌డీఎంఐ కేబుల్ చాలు. అయితే టీవీలో అన్ని పోర్టులూ అంత వేగం మోయకపోవచ్చు, మోసేది ఏదో టీవీ మాన్యువల్‌లో ఉంటుంది. మోసే పోర్టుకు కూడా సెట్టింగ్స్‌లో ఆ వేగాన్ని విడిగా ఆన్ చేయాల్సి రావచ్చు.

“ఆటలాడితే టీవీ పోతుంది” అని పిల్లల్ని బెదిరించే పెద్దలకు ఒక మాట. ఈ భయం గాల్లోంచి పుట్టలేదు. ప్రొజెక్షన్ టీవీల్లో కదలని బొమ్మ మచ్చపడిపోయేది, తమ కన్సోల్‌ను వాటికి తగిలించవద్దని నింటెండో తన మాన్యువళ్లలోనే హెచ్చరించింది. ప్లాస్మా టీవీలకూ ఆ బెడద ఉండేది. ఎల్‌సీడీ, ఎల్ఈడీ టీవీ ఉన్నవాళ్లు దాదాపుగా నిశ్చింతగా ఉండొచ్చు. ఓఎల్ఈడీ ఉన్నవాళ్లు కొంచెం జాగ్రత్తపడాలి. ఒకే ఆట రోజూ గంటల తరబడి ఆడితే, కదలకుండా ఉండే స్కోరు పట్టీ దగ్గర పిక్సెళ్లు ఎక్కువ అరుగుతాయి. ఆట ఆపి వెళ్లేటప్పుడు పాజ్ బొమ్మ అలా వదిలేయకండి. టీవీని రిమోట్‌తో ఆపాక వెంటనే గోడ దగ్గర స్విచ్ కూడా ఆపేయకండి. ఓఎల్ఈడీ టీవీ తన ప్యానెల్‌ను సరిచేసుకునే పని స్టాండ్‌బైలో ఉన్నప్పుడే చేసుకుంటుంది. కరెంటు మిగలాలని రోజూ స్విచ్ ఆపేసే మంచి అలవాటే ఇక్కడ ప్యానెల్‌కు చేటు చేస్తుంది.

చివరిగా, గన్ గేములు. చిన్నప్పుడు ఆడిన తుపాకీని ఎక్కడో సంపాదించి కొత్త టీవీకి తగిలిస్తారు, ఒక్క గుండూ తగలదు. తుపాకీ చెడిపోయిందని విప్పేసినవాళ్లను కూడా చూశాను, దయచేసి విప్పకండి. నింటెండో జాపర్ లాంటి తుపాకీలో ఉన్నది వెలుతురును చూసే కన్ను. ట్రిగ్గర్ నొక్కగానే ఆట ఒక్క ఫ్రేము స్క్రీన్‌ను నల్లగా చేసి, మరుసటి ఫ్రేములో కొట్టాల్సిన బొమ్మ ఉన్నచోట తెల్లటి గడి వేస్తుంది. సరిగ్గా ఆ క్షణంలో తుపాకీకి వెలుతురు కనిపిస్తే గుండు తగిలినట్టు. పైన చెప్పిన ఆలస్యమంతా ఇక్కడ అడ్డొస్తుంది. ఫ్లాట్ టీవీలో ఆ గడి వెలిగేసరికి ఆట చూడాల్సిన క్షణం దాటిపోతుంది, గేమ్ మోడ్ కూడా దాన్ని కాపాడలేదు. ఆ తుపాకీతో మీ పిల్లలకు ఆట చూపించాలనుకుంటే అటక మీద ఉన్న డబ్బా టీవీనే దించండి.