అతుక్కున్న మోకాలు మళ్లీ నొప్పెడుతుంటే

చెన్నైలో చాలా పేటల్లో, విరిగిన ఎముకకు ఆపరేషన్ లేకుండా నాటు పద్ధతిలో వేసే ‘పుత్తూరు కట్టు’ బోర్డులు కనిపిస్తాయి. పాత చిత్తూరు జిల్లాలోని పుత్తూరు పేరు అలా ఊరు దాటింది. చెయ్యో కాలో నడిమధ్యలో విరిగితే కట్టుతో నయమైనవాళ్లు మన చుట్టాల్లో దొరుకుతారు. అందులో ఆశ్చర్యం లేదు, అతుక్కునే గుణం ఎముకలోనే ఉంది. మోకాలి దగ్గర మాత్రం అతుక్కుంటే సరిపోదు. కీలు నునుపుగా ఉండాలి, కాలు తిన్నగా రావాలి.

మోకాలి కిందుండే పెద్ద ఎముక పేరు టిబియా. దాని పైభాగం చదునుగా ఉండి తొడ ఎముకను మోస్తుంది. బైక్ మీంచి పడినప్పుడు అందులో ఒక పక్క కుంగిపోవచ్చు. పైకి లేపి నిలబెట్టకపోతే కుంగినచోటే అతుక్కుంటుంది. ఆపరేషన్ చేసి లోహపు ప్లేటు వేసిన తర్వాత కూడా ఎముక మెత్తగా ఉంటే, తొందరపడి బరువు మోపితే, మళ్లీ కుంగవచ్చు. కాబట్టి వంకరగా అతికిన ప్రతి మోకాలికీ కట్టునే తప్పుపట్టడం న్యాయం కాదు.

కొన్ని నెలలు గడిచాక నడిస్తే నొప్పి, మెట్లు దిగాలంటే భయం. ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్: మళ్లీ ఆపరేషనా? నా ఉద్దేశంలో అంతకన్నా ముందు తేలాల్సింది, నొప్పి ఎక్కడినుంచి వస్తోందన్నది. ఎముక నిజంగా అతికిందో లేదో సీటీ స్కాన్ చెబుతుంది. లోపల ఇన్ఫెక్షన్ దాగి ఉందేమోనని ఈఎస్ఆర్, సీఆర్పీ అనే రక్తపరీక్షలు చేస్తారు, అనుమానం ఉంటే కీలులోంచి సూదితో నీరు తీసి చూస్తారు. ఈ రెండూ తేలకుండా మరో ఆపరేషన్‌కు తేదీ ఇస్తే ఒప్పుకోకూడదు.

తర్వాత చూడాల్సింది కాలి వాలు. పడుకోబెట్టి మోకాలికి మాత్రమే తీసిన ఎక్స్‌రేలో ఇది సరిగా తెలియదు. నిలబెట్టి, తుంటి నుంచి మడమ దాకా తీసే స్కానోగ్రామ్ అనే పొడవాటి ఎక్స్‌రే కావాలి. తుంటి కీలు మధ్య నుంచి చీలమండ మధ్యకు గీసిన గీత మామూలుగా మోకాలి మధ్యకు దగ్గరగా పోతుంది. అది ఒక పక్కకు జరిగితే బరువంతా ఆ పక్కే పడుతుంది. ఒక అంచు మీదే తొక్కి నడిచే మనిషి చెప్పులాగా, కీలులో ఎముకల చివర్లను కప్పే నున్నని పొర, అంటే మృదులాస్థి, ఆ వైపే అరిగిపోతుంది. దానికి రక్తనాళాలు లేవు, కాబట్టి అరిగింది మళ్లీ సరిగా పెరగదు.

ఎక్స్‌రేలో కీలు మీద చిన్న మెట్టులాంటి ఎత్తుపల్లం కనబడగానే చాలామంది కంగారుపడతారు. అయితే 1973లో రాస్ముసెన్ అనే శస్త్రవైద్యుడు, ఆపరేషన్ అవసరమా కాదా అన్నది మోకాలి నిలకడను చూసి తేల్చాలని వాదించాడు. రెండు మూడు మిల్లీమీటర్ల మెట్టును చాలా మోకాళ్లు ఓర్చుకుంటాయి. కాలు వాలిపోవడాన్ని, పక్కకు ఊగడాన్ని అంతగా ఓర్చుకోలేవు.

వయసు తక్కువై, మృదులాస్థి ఇంకా మిగిలి ఉంటే ఎముకను కోసి వాలు సరిచేసే ఆస్టియోటమీ మంచి దారి. సొంత కీలు మిగులుతుంది. అరవై దాటి, కీలు బాగా అరిగినవారికి కృత్రిమ కీలు పెట్టే మార్పిడి మేలు. 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన విశ్లేషణ ప్రకారం, పూర్తి మోకాలి మార్పిడుల్లో సుమారు 82 శాతం 25 ఏళ్లు నిలుస్తాయి. అయితే పాత ఫ్రాక్చర్ ఉన్న మోకాలికి ఈ లెక్క అలాగే వర్తించదు. పాత కోతల మచ్చలు, తీయాల్సిన ప్లేట్లు, బిగుసుకున్న కండరాలు పనిని కష్టం చేస్తాయి, ఇన్ఫెక్షన్ ముప్పూ ఎక్కువే.

నొప్పి కొద్దిగానే ఉండి, బాధంతా బిగుతుదే అయితే ముందు ఫిజియోథెరపీ. కుర్చీలోంచి లేవడానికి మోకాలు సుమారు 90 డిగ్రీలు వంగితే చాలు, గొంతుక్కూర్చోవడానికి 130 దాకా కావాలి. మీ ఇంట్లో ఏది అవసరమో డాక్టరుకు చెప్పండి. నెల్లూరు నుంచో తిరుపతి నుంచో చెన్నై వచ్చేవారు దెబ్బ తగిలిన రోజు తీసిన ఎక్స్‌రే కూడా వెంట తెచ్చుకోవాలి. ఏ ముక్క ఎటు కదిలిందో అది చూస్తేనే, ఎక్కడ కోయాలో సర్జన్ నిర్ణయించగలరు.