ఉచిత ప్లగిన్‌లతో చేసిన పాటకు డబ్బు తీసుకోవచ్చా? అపోహలు - వాస్తవాలు

అనంతపురం, కర్నూలు, కడపల్లో ఇంట్లోనే ఒక గదిని స్టూడియోగా చేసుకుని పెళ్లి వీడియోలకు, షాపు ప్రకటనలకు, ఉరుసు పాటలకు, జానపదాలకు మ్యూజిక్ చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. ఓపెన్ సోర్స్ ప్లగిన్ (మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌కు తగిలించుకునే, కోడ్ అందరికీ అందుబాటులో ఉండే చిన్న ప్రోగ్రాం) వాడి డబ్బు తీసుకుంటే రేపు కేసు పడుతుందేమోనని వాళ్లలో కొందరికి భయం. ఆ భయంతో క్రాక్ చేసిన ప్లగిన్‌ల వైపు వెళ్తున్నారు. అసలు కేసు పడేది వాటికే.

అపోహ: జీపీఎల్ (ఓపెన్ సోర్స్ లైసెన్సుల్లో ఒకటి) ప్లగిన్ వాడితే పాట కూడా జీపీఎల్ అయిపోతుంది.

వాస్తవం: అవ్వదు. జీపీఎల్ షరతులు ప్రోగ్రాం కోడ్‌ను మార్చి, కాపీ చేసి పంచేవాళ్లకే. దాంతో చేసిన మిక్స్ మీదే. సర్జ్ ఎక్స్‌టీ, డెక్స్‌డ్, డ్రాగన్‌ఫ్లై రివర్బ్ జీపీఎల్ 3 కింద, ఎల్‌ఎస్‌పీ ప్లగిన్‌లు ఎల్‌జీపీఎల్ కింద, ఎయిర్‌విండోస్ ఎంఐటీ కింద వస్తాయి, ఇవన్నీ ఓపెన్ సోర్స్ లైసెన్సులే. వ్యాపారానికి వాడొద్దనే షరతు పెడితే దాన్ని ఓపెన్ సోర్స్ అనరు.

అపోహ: ఉచితంగా దొరికేదంతా ఓపెన్ సోర్సే.

వాస్తవం: కాదు. ఫ్రీవేర్‌కు, అంటే కోడ్ ఇవ్వకుండా ఉచితంగా ఇచ్చే ప్రోగ్రాంకు, కంపెనీ రాసుకున్న ఒప్పందమే చట్టం. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అందులో ‘నాన్ కమర్షియల్’ అనే మాట ఉందేమో వెతకండి. ఉంటే డబ్బు తీసుకునే పనికి అది వద్దు.

అపోహ: ప్లగిన్ ఓపెన్ సోర్స్ అయితే అందులో మోగేదంతా నిశ్చింతగా వాడుకోవచ్చు.

వాస్తవం: ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. సింథ్ శబ్దాన్ని తానే పుట్టిస్తుంది. శాంప్లర్ మాత్రం ఎవరో వాయించి రికార్డు చేసినదాన్ని వినిపిస్తుంది, ఆ రికార్డింగ్‌కు లైసెన్సు వేరు. ఫ్రీసౌండ్ అనే శబ్దాల వెబ్‌సైట్‌లో ఒకే పేజీలో సీసీ జీరో (ఏ షరతూ లేనివి), సీసీ బై (పేరు చెప్పాల్సినవి), సీసీ బై ఎన్‌సీ (పేరు చెప్పాలి, వ్యాపారానికి వాడకూడనివి) ఫైళ్లు కలిసే కనిపిస్తాయి. ఎన్‌సీ ఉన్న తబలా లూప్‌ను (మళ్లీ మళ్లీ తిప్పి వాడే ముక్కను) బట్టల షాపు జింగిల్‌లో పెట్టకూడదు. సీసీ బై అయితే దాన్ని చేసినవాళ్ల పేరు చెప్పాలి. యూట్యూబ్‌లో డిస్క్రిప్షన్ ఉంది కాబట్టి సరిపోతుంది, మరి ఆటో మీద మైకులో తిరిగే ప్రకటనలో పేరు ఎక్కడ వేస్తారు? అలాంటి పనికి సీసీ జీరోనే తీసుకోండి. తీగ వాద్యాలు కావాలంటే వీఎస్‌సీఓ 2 కమ్యూనిటీ ఎడిషన్ అనే శాంపిల్ సెట్ సీసీ జీరోలోనే ఉంది.

ఇంకో చిక్కు కంటెంట్ ఐడీ, అంటే వీడియోలో మోగే పాట ఎవరిదో గుర్తుపట్టే యూట్యూబ్ వ్యవస్థ. అందరికీ దొరికే లూప్ యథాతథంగా ఉన్న పాటను అందులో నమోదు చేయకూడదు. చేస్తే అదే లూప్ వాడిన మరొకరి వీడియో మీద క్లెయిమ్ పడుతుంది, తగువు మీ దాకా వస్తుంది.

అపోహ: ఓపెన్ సోర్స్ అంటే క్వాలిటీ తక్కువ.

వాస్తవం: మీరే పరీక్షించుకోండి. ఒకే వేవ్ ఫైల్‌ను రెండు ట్రాకుల్లో పెట్టండి. ఒకదానికి ఎల్‌ఎస్‌పీ ఈక్యూ (శబ్దంలో ఏ భాగాన్ని ఎంత పెంచాలో, తగ్గించాలో చెప్పే ప్లగిన్), రెండోదానికి కొన్న ఈక్యూ వేసి, రెండింట్లోనూ 1 కిలోహెర్ట్జ్ దగ్గర 4 డీబీ పెంచండి. ఒక ట్రాక్ పొలారిటీ తిప్పి (తరంగాన్ని తలకిందులు చేసి) రెండూ కలిపి వినండి. ఆ పెంపు ఎంత వెడల్పులో ఉండాలో చెప్పే క్యూ విలువను ఒక్కో ప్లగిన్ ఒక్కోలా లెక్కిస్తుంది, అందుకే ఒకదాన్ని కాస్త అటూఇటూ జరపాలి. దాదాపు నిశ్శబ్దం వస్తే రెండూ చేస్తున్న పని ఒక్కటే.

తేడా నిజంగా వినిపించేది శాచురేషన్‌లో, అంటే శబ్దాన్ని కాస్త చిదిపి నిండుగా చేసే ఎఫెక్టులో. చెక్కభజన రికార్డింగే తీసుకోండి. చెక్కల గజ్జెల్లో 9 కిలోహెర్ట్జ్ దగ్గర బలమైన శబ్దం ఉందనుకుందాం. శాచురేషన్ వేస్తే దాని అయిదో హార్మోనిక్ (అయిదు రెట్ల ఫ్రీక్వెన్సీ) 45 కిలోహెర్ట్జ్‌కు పోతుంది. ప్రాజెక్టు శాంపిల్ రేటు 48 కిలోహెర్ట్జ్ అయితే దానిలో సగమైన 24కు పైన చోటు లేదు, అది వెనక్కి మడతపడి 3 కిలోహెర్ట్జ్‌లో, సరిగ్గా పాడేవాళ్ల గొంతు మీద పడుతుంది. దీన్నే ఏలియాసింగ్ అంటారు. ప్లగిన్‌లో ఓవర్‌శాంప్లింగ్ (లోపల ఎక్కువ శాంపిల్ రేటుతో లెక్కించే సదుపాయం) 4 రెట్లు పెడితే చాలావరకు పోతుంది. ఆ సదుపాయం లేని ప్లగిన్‌ను, కొన్నదైనా సరే, గజ్జెల మీద వేయకండి. డప్పు మీద వేస్తే ఇంత ఇబ్బంది ఉండదు.

అపోహ: రేపు అప్‌డేట్లు ఆగిపోతే పాత ప్రాజెక్టు తెరుచుకోదు.

వాస్తవం: ఈ ముప్పు కొన్న ప్లగిన్‌లకూ ఉంది. వాటి యాక్టివేషన్ సర్వర్ ఆగితే చేసేదేమీ లేదు. ఓపెన్ సోర్స్‌లో ఇన్‌స్టాలర్‌ను ప్రాజెక్టు ఫోల్డర్‌లోనే దాచుకోవచ్చు, లైసెన్సు ఫైల్, శాంపిల్ పేజీ స్క్రీన్‌షాట్ కూడా అక్కడే ఉంచండి. ఆర్డర్ అప్పగించే రోజు ప్రతి ట్రాక్‌నూ మొదటి బార్ నుంచి 24 బిట్ వేవ్‌గా బౌన్స్ చేయండి (విడి ఆడియో ఫైల్‌గా సేవ్ చేయండి), ఎఫెక్టులతో ఒకసారి, లేకుండా ఒకసారి. రెండేళ్ల తర్వాత షాపు ఓనర్ ఫోన్ నంబర్ ఒక్కటి మార్చమని అడిగినా ఏ ప్లగిన్ అవసరమూ ఉండదు.