కర్బనపు లెక్క చదవాలనుకుంటున్న పిల్లలకు

గుంటూరు

చిరంజీవులకు ఆశీస్సులు.

డిగ్రీలు, బీటెక్‌లు పూర్తిచేసుకున్న మీ అందరిదీ ఈమధ్య ఒకటే ప్రశ్న: కార్బన్ మేనేజ్‌మెంట్, వాతావరణ మార్పులు అనే పీజీ కోర్సులో చేరవచ్చునా అని. రసాయనశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ని కనుక నన్ను అడిగారు. పర్యావరణం మీద ప్రేమ ఉండడం మంచిదే గాని, ఈ చదువుకు ప్రాణం లెక్క. కిరాణా కొట్లో చిట్టా, ఆవర్జా రాసినట్లే, ఏ పని వల్ల ఏ వాయువు ఎంత గాలిలో కలిసిందో, అది ఎవరి ఖాతాలో పడాలో తేల్చడం ఇందులో సగం. గాలిలో కలిశాక ఆ వాయువు ఏం చేస్తుందో తెలుసుకోవడం మిగతా సగం.

మన ఊరి చుట్టూ ఉన్న మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో ఏదో ఒకదాన్ని తీసుకోండి. మార్కెట్ యార్డులో ధర నచ్చని రైతు తన టిక్కీలను, అంటే మిర్చి బస్తాలను, అక్కడ నెలల తరబడి దాచుకుంటాడు. కరెంటు పోతే జనరేటరు వేస్తారు. ఆ జనరేటరులో ఒక లీటరు డీజిల్ కాలితే దాదాపు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడు వస్తుంది. లీటరు డీజిల్ బరువే కిలోకు తక్కువ కదా, పొగ అంత బరువెలా తూగుతుందని మీలో ఎవరైనా అడిగితే సంతోషిస్తాను. డీజిల్‌లోని కర్బనం గాలిలోని ఆక్సిజన్‌ను కలుపుకుంటుంది. 12 పాళ్ల కర్బనం 44 పాళ్ల కార్బన్ డయాక్సైడుగా మారుతుంది. పెరిగిన బరువంతా గాలి ఇచ్చినదే. ఇలా సొంత ఆవరణలో వెలువడేదాన్ని స్కోప్ 1 అంటారు. కొన్న కరెంటు స్కోప్ 2. మన దేశపు గ్రిడ్‌లో ఒక్కో యూనిట్‌కు 0.7 కిలోలకు కాస్త పైనే లెక్కిస్తారు కాబట్టి, లక్ష యూనిట్లు వాడిన గోదాము ఖాతాలో 70 టన్నులకు పైగా పడుతుంది. ఆ పొగ విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలోని థర్మల్ కేంద్రం గొట్టంలోంచే వచ్చి ఉండవచ్చు. అప్పుడు అది వారికి స్కోప్ 1, మనకు స్కోప్ 2. ఒకే పొగను రెండు పుస్తకాల్లో రాయడం తప్పు కాదు, రెండు పుస్తకాలనూ కలిపి కూడడం తప్పు.

గదులను చల్లబరిచే వాయువు సంగతి మరీ చిత్రమైనది. మన పాత గోదాముల్లో ఎక్కువగా వాడే అమ్మోనియా ఘాటైనది, ప్రమాదకరమైనది. అయినా భూతాపానికి అది నేరుగా చేసే చేటు దాదాపు సున్నా. ఏ వాసనా లేని ఆర్-134ఎ వంటి వాయువు ఒక్క కిలో కారితే అది వెయ్యి కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడుతో సమానం. కాబట్టి ఆడిటుకు వెళ్లినవాడు కరెంటు బిల్లుతో పాటు గ్యాసు నింపిన మెకానిక్ రసీదులు కూడా అడగాలి. ఈ రసీదులు ఒక పట్టాన దొరకవని ముందే చెబుతున్నాను.

మన పని కోసమే అయినా మన ఆవరణ బయట, ఇతరుల చేతుల్లో వెలువడే మిగతాదంతా స్కోప్ 3. అందులో అన్నిటికన్నా తలనొప్పి ఎక్కువ. టిక్కీలు తెచ్చిన లారీలతో పాటు, అవి పండిన చేలో చల్లిన యూరియా కూడా అందులోకి రావచ్చు. ఆ నత్రజనిలో కొంత నైట్రస్ ఆక్సైడుగా మారుతుంది. కిలోకు కిలో చూస్తే దాని తాపశక్తి కార్బన్ డయాక్సైడుకు సుమారు 270 రెట్లు. కృష్ణా డెల్టాలో నీరు నిలిచిన వరిమడిలోనైతే ఆక్సిజన్ అందని బురదలో సూక్ష్మజీవులు మీథేన్ తయారుచేస్తాయి. మడిని మధ్యమధ్య ఆరగట్టి తిరిగి తడిపితే అది తగ్గుతుంది. మీథేన్ బలాన్ని 100 ఏళ్ల మీద లెక్కిస్తే 28 రెట్లు, 20 ఏళ్ల మీద లెక్కిస్తే 80 రెట్లకు పైన. ఏ గడువు తీసుకున్నారో చెప్పని నివేదికను నేనైతే పక్కన పెడతాను.

రెండో సగం భౌతికశాస్త్రం. టిండాల్ అనే శాస్త్రవేత్త 1859లో ఈ వాయువులు వేడిని పట్టి ఉంచుతాయని ప్రయోగశాలలో కొలిచాడు; కార్బన్ డయాక్సైడు పెరిగితే భూమి ఎంత వేడెక్కుతుందో అరీనియస్ అనే రసాయన శాస్త్రవేత్త 1896లో చేత్తోనే లెక్క కట్టాడు; 1958లో కీలింగ్ హవాయిలోని మౌనా లోవా మీద కొలవడం మొదలుపెట్టినప్పుడు గాలిలో పది లక్షల పాళ్లకు 315 పాళ్లున్న కార్బన్ డయాక్సైడు ఇప్పుడు 420 దాటింది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను మోయగలదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడలోని సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు, ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వదిలినప్పుడు, అంతా వాతావరణ మార్పు పుణ్యమేనన్నవారున్నారు. గండ్లు పడిన కట్టలను, ఆక్రమణలను మరచి అలా అనడం సులభం. వానలో ఎంత పాలు వేడిది, వరదలో ఎంత పాలు మన నిర్లక్ష్యానిది అని విడదీయడం కష్టం. మంచి కోర్సు నేర్పవలసింది ఆ కష్టాన్నే.

ఉద్యోగాల మాట క్లుప్తంగా చెబుతాను. స్టాక్ మార్కెట్‌లో నమోదైనవాటిలో మార్కెట్ విలువను బట్టి మొదటి 1,000 కంపెనీలు ఇలాంటి వివరాలు వెల్లడించాలని, ఆ మార్కెట్‌ను నియంత్రించే సెబీ నియమం పెట్టింది. 2023లో మన ప్రభుత్వం కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకాన్ని నోటిఫై చేసింది; క్రెడిట్ అంటే ఉద్గారాలు తగ్గించినందుకు దక్కే, అమ్ముకోదగిన పత్రం. ఐరోపా సమాఖ్య తన దేశాలకు వచ్చే ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువుల వంటి వాటిపై కర్బన సుంకాన్ని 2026 జనవరి 1 నుంచి పూర్తిస్థాయిలో అమలుచేస్తోంది. కాబట్టి లెక్క తెలిసినవారి అవసరం నిజమైనదే. క్రెడిట్ల వ్యాపారంలో మాత్రం కళ్లు తెరుచుకుని ఉండండి: ఆ డబ్బు రాకపోయినా ఎలాగూ జరిగే పనికి క్రెడిట్ అమ్మితే గాలికి ఒరిగేదేమీ లేదు.

ఎక్కడ చదవాలంటే, దగ్గరలో నాగార్జున విశ్వవిద్యాలయంలో పర్యావరణ శాస్త్రం, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వాతావరణ, సముద్ర శాస్త్రాలు ఉన్నాయి. హైదరాబాద్ ఐఐటీలో వాతావరణ మార్పులకు ప్రత్యేక విభాగమే ఉంది. విదేశాల్లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం కార్బన్ మేనేజ్‌మెంట్‌లోనే ఎంఎస్సీ ఇస్తుంది. పేరు చూసి అప్పు చేయకండి, సిలబస్ తెరవండి. ఉద్గారాల లెక్క చేతితో చేయించే పేపరు, ఒక ఫ్యాక్టరీలోనో పొలంలోనో ప్రాజెక్టు, గణాంకశాస్త్రం ఉన్నాయేమో చూడండి. విధానాల మీద ఉపన్యాసాలు మాత్రమే ఉంటే పొలం తాకట్టు పెట్టి వెళ్లడం దండగ. బీకాం చదివినవారు వెనకాడనక్కరలేదు; ఆడిటు తెలిసినవాడికి రసాయనశాస్త్రం నేర్పడం, రసాయనశాస్త్రం తెలిసినవాడికి ఆడిటు నేర్పడం కన్నా సులభమని నా అభిప్రాయం.

దరఖాస్తు పెట్టేముందు ఒక పని చేయండి. మీ ఇంటి ఏడాది కరెంటు బిల్లులు, సిలిండర్లు, బండి పెట్రోలు రాసి టన్నుల్లో తేల్చి నాకు పంపండి. 14.2 కిలోల సిలిండరుకు సుమారు 42 కిలోలు, లీటరు పెట్రోలుకు 2.3 కిలోలు వేసుకోండి. బిల్లు దొరకని నెలకు అంచనా వేస్తే, ఎలా వేశారో పక్కనే రాయండి. నేను ముందు చూసేది ఆ గడినే.

ఇట్లు,
మీ తాతయ్య