ఆడిన సీజన్‌కే ఓటు: సిమ్యులేషన్ బేస్‌బాల్ లీగు అవార్డులపై అపోహలు – వాస్తవాలు

పాత బేస్‌బాల్ సీజన్లను మళ్లీ ఆడించే లీగు ఒకదాన్ని పదేళ్లకు పైగా నడుపుతున్నాను. కొన్నేళ్లు కార్డులు, పాచికలతో ఆడాం, కొన్నేళ్లు కంప్యూటర్‌లో ఆడాం. మేము ఎనిమిది మంది జట్టు యజమానులం. ఒక చారిత్రక సీజన్‌ను ఎంచుకుని, ఆనాటి ఆటగాళ్లను మాలో మేము పంచుకుని, షెడ్యూలు మొత్తం ఆడతాం. చివరి ఆట ముగిసిన మరునాటి నుంచి అసలు వాదన మొదలవుతుంది. అత్యంత విలువైన ఆటగాడిగా ఎంవీపీ ఎవరు? ఉత్తమ పిచ్చర్‌కు, అంటే బ్యాటర్‌కు బంతి విసిరేవాడికి, ఇచ్చే సై యంగ్ అవార్డు ఎవరిది? ఉత్తమ ఫీల్డర్లకు ఇచ్చే గోల్డ్ గ్లవ్‌లు ఎవరికి? ఏటా కొన్ని తప్పుడు నమ్మకాలు మళ్లీ మళ్లీ తలెత్తుతాయి. అలాంటి వాటిలో ముఖ్యమైనవి రాస్తున్నాను.

క్రికెట్ నుంచి వచ్చిన పాఠకులకు ముందుగా ఒక మాట. బేస్‌బాల్‌లో బ్యాటింగ్ సగటు అంటే అవుటుకు ఎన్ని పరుగులు అని కాదు, బ్యాటింగ్ అవకాశాల్లో ఎన్నో వంతు హిట్లు (తన దెబ్బతో క్షేమంగా బేస్ చేరిన సందర్భాలు) అయ్యాయి అని. .300 అంటే పదింట మూడు. ఈఆర్‌ఏ అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కు పిచ్చర్ తన బాధ్యతగా ఇచ్చిన పరుగులు. అది ఎంత తక్కువైతే అంత మంచిది.

అపోహ: చరిత్రలో గెలిచినవాడే ఇక్కడా గెలవాలి

1941లో టెడ్ విలియమ్స్ .406 కొట్టాడు. జో డిమాజియో వరుసగా 56 ఆటల్లో కనీసం ఒక్కో హిట్ కొట్టాడు, అతని యాంకీస్ జట్టు 17 ఆటల ఆధిక్యంతో లీగు గెలిచింది. ఎంవీపీ ఓటింగ్‌లో డిమాజియోకు 291 పాయింట్లు, విలియమ్స్‌కు 254 వచ్చాయి. ఈ తీర్పు సరైనదా కాదా అన్న వాదన నేటికీ ఆగలేదు.

మేము 1941 ఆడినప్పుడు డిమాజియోకు ఆ వరుస రాలేదు. రాకపోవడమే సహజం. అది కార్డు మీద అచ్చయిన గుణం కాదు, ఆ వేసవిలో ఒక్కసారి జరిగిన ఘటన. పైగా మా లీగులో అతను యాంకీస్‌లో కూడా లేడు. అయినా ఇద్దరు యజమానులు అతనికే మొదటి ఓటు వేశారు. కారణం అడిగితే “డిమాజియో కదా!” అన్నారు. ఆ జవాబుకు నాకు నిజంగా బాధ కలిగింది. నెలల తరబడి మనం ఆడిన ఆటలు, మనం రాసుకున్న స్కోరుపట్టీలు ఆ ఒక్క మాటతో చెల్లకుండా పోయాయి.

అసలు చరిత్ర తీర్పే ఎప్పుడూ ఒకే కొలతతో ఇచ్చింది కాదు. అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో అమెరికన్, నేషనల్ అని రెండు లీగులు. 1922 నుంచి 1928 వరకు అమెరికన్ లీగు అవార్డును ఒకసారి గెలిచినవాడు మళ్లీ గెలవడానికి వీల్లేదు. బేబ్ రూత్ 1923లో గెలిచాడు కాబట్టి, 60 హోమ్ రన్‌లు (క్రికెట్ సిక్సర్ లాంటి దెబ్బలు) కొట్టిన 1927లో అతను పోటీలోనే లేడు. అవార్డు లూ గెరిగ్‌కు వెళ్లింది. సై యంగ్ అవార్డు 1956లో మొదలైంది, 1966 వరకు రెండు లీగులకూ కలిపి ఒక్కటే ఇచ్చారు. గోల్డ్ గ్లవ్ 1957లో వచ్చింది. అంతకు ముందరి సీజన్ ఆడే లీగుకు ఆ అవార్డుల్లో నకలు చేసుకోవడానికి విజేతే లేడు.

అపోహ: మంచి కార్డు ఉన్నవాడే మంచి సీజన్ ఆడినట్టు

దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పాత కాపులు కూడా ఇక్కడే తడబడతారు.

హాల్ రిచ్‌మన్ 1961లో అమ్మకం మొదలుపెట్టిన స్ట్రాట్-ఓ-మ్యాటిక్ ఆటలో ఒక పాచిక ఏ కార్డు చూడాలో చెబుతుంది. 1, 2, 3 పడితే బ్యాటర్ కార్డులోని గడి, 4, 5, 6 పడితే పిచ్చర్ కార్డులోని గడి. మిగతా రెండు పాచికల మొత్తం ఆ గడిలో ఏ వరుసో చెబుతుంది. అంటే సగం ఫలితాలు బ్యాటర్ చేతిలో లేవు. తన సగంలోనూ పాచిక ఎటు పడితే అటే.

ఆ ఊగిసలాట ఎంతో లెక్కేసి చూడండి. నిలకడగా .300 సామర్థ్యం ఉన్న బ్యాటర్‌కు 550 అవకాశాలు వస్తే సగటున 165 హిట్లు రావాలి. ప్రామాణిక విచలనం దాదాపు 11 హిట్లు. సగటులో చెప్పాలంటే 20 పాయింట్లు. కాబట్టి మూడింట రెండు సీజన్లలో అతను .280కి, .320కి మధ్య ఉంటాడు. మిగిలిన ఒక వంతులో ఆ హద్దులూ దాటుతాడు. .300 కార్డు .325 కొట్టిందంటే ఆటలో లోపం ఉందని అర్థం కాదు.

మరి ఆ అదనపు హిట్లు అదృష్టమేనని అవార్డు లెక్కలోంచి తీసేయాలా? నా అభిప్రాయం స్పష్టం: తీసేయకూడదు. ఆ హిట్లతో పరుగులు వచ్చాయి, ఆ పరుగులతో ఆటలు గెలిచారు. పాచికల వల్ల వచ్చిన విజయాలు చెల్లవంటే పట్టికలో మొదటి స్థానం కూడా చెల్లదు. పాచికలు కలిసొచ్చాయని టైటిల్ వెనక్కి ఇచ్చిన యజమానిని నేను ఇంతవరకు చూడలేదు. కార్డు ఎంత మంచిదన్నది ఆటగాళ్లను ఎంచుకునే రోజు అడగాల్సిన ప్రశ్న. ఓటు రోజు అడగాల్సింది, అతను ఏం చేశాడని.

అయితే దీనికి ఒక కంచె అవసరం. 1957లో మిల్వాకీ బ్రేవ్స్‌కు బాబ్ హేజిల్ అనే ఆటగాడు 41 ఆటల్లో, 134 అవకాశాల్లో .403 కొట్టాడు. ఆ ఏడాది నేషనల్ లీగు ఎంవీపీ మాత్రం 44 హోమ్ రన్‌లు కొట్టిన అదే జట్టు ఆటగాడు హ్యాంక్ ఆరన్. హేజిల్ కార్డును సీజన్ మొత్తం ఆడిస్తే ఆరన్‌ను మించిపోతాడు. అది చరిత్రను మళ్లీ ఆడటం కాదు, చిన్న నమూనాను ఆసరా చేసుకుని దాన్ని దోచుకోవడం. అందుకే మా లీగులో నిజ జీవితంలో వచ్చిన అవకాశాలను మించి ఎవరినీ ఆడనివ్వం. మించితే అవార్డుకు అర్హత ఉండదు.

అపోహ: .401 ఎప్పుడైనా .301 కంటే గొప్ప

1930లో బిల్ టెరీ .401తో నేషనల్ లీగులో మొదటి స్థానంలో నిలిచాడు. 1968లో కార్ల్ యాస్ట్రెమ్‌స్కీ .301తో అమెరికన్ లీగులో మొదటి స్థానంలో నిలిచాడు. వంద పాయింట్ల తేడా ఉంది కదా, ఇంకా వాదన ఎందుకు అంటారు.

ఉంది వాదన. 1930లో నేషనల్ లీగు మొత్తం సగటే .303. 1968లో అమెరికన్ లీగు మొత్తం సగటు .230. టెరీ తన లీగు సగటుకు 1.32 రెట్లు, యాస్ట్రెమ్‌స్కీ 1.31 రెట్లు. ఇద్దరూ దాదాపు ఒకే ఎత్తున నిలబడ్డారు, వాళ్ల కాళ్లకింది నేల మాత్రం వేరు. పిచ్చర్లు అంతగా రాజ్యమేలిన 1968 తర్వాత పిచ్చర్ నిలబడే దిబ్బ ఎత్తును 15 అంగుళాల నుంచి 10కి తగ్గించారు.

పిచ్చర్ల విషయంలో ఇది ఇంకా రసవత్తరంగా ఉంటుంది. 1968లో బాబ్ గిబ్సన్ ఈఆర్‌ఏ 1.12, లీగుది 2.99. 2000లో పెడ్రో మార్టినెజ్‌ది 1.74, లీగుది 4.91. లీగుతో పోలిస్తే పెడ్రోదే కాస్త పైచేయి. కానీ గిబ్సన్ 304కు పైగా ఇన్నింగ్స్ వేశాడు, పెడ్రో 217. సగటు పిచ్చర్ కంటే ఎన్ని పరుగులు ఆపారో లెక్కేస్తే గిబ్సన్‌కు సుమారు 63, పెడ్రోకు సుమారు 76 వస్తాయి. అక్కడితో తేలిపోయిందా? లేదు. పరుగులు కరువైన 1968లో ఒక విజయానికి పట్టే పరుగులు కూడా తక్కువే, కాబట్టి గిబ్సన్ ఆపిన ఒక్కో పరుగు బరువు ఎక్కువ. ఇద్దరిలో ఒకరిని ఎంచుకోమంటే నేను ఇన్నింగ్స్ వైపే మొగ్గుతాను. ఎదుటివారు ఒప్పుకోకపోయినా వాళ్ల వాదనలో బలముందని గౌరవిస్తాను.

వేర్వేరు కాలాల ఆటగాళ్లను కలిపి ఆడే లీగులైతే ముందు ఒక విషయం తేల్చుకోవాలి: మీ ఆట కార్డులను ఒకే కాలానికి సరిచేస్తుందా, ఉన్నవి ఉన్నట్టే దించుతుందా? 1930 బ్యాటర్ కార్డును 1968 పిచ్చర్ కార్డుకు ఎదురు నిలిపితే ఫలితం రెండింటికీ నడుమ ఎక్కడో పడుతుంది. అప్పుడు పోలికకు పుస్తకంలోని లీగు సగటు పనికిరాదు. మీ లీగు ఈ సీజన్‌లో నిజంగా ఎంత కొట్టిందో ఆ సగటే కావాలి. దాన్ని లెక్కించడానికి పది నిమిషాలు పడుతుంది. లెక్కించకుండా గంటల కొద్దీ వాదించుకున్నవారిని చూశాను.

అపోహ: బ్యాటర్‌కు ఆర్‌బీఐ, పిచ్చర్‌కు విజయాలు, ఇవే చివరి మాట

ఆర్‌బీఐ అంటే బ్యాటర్ తన దెబ్బతో రప్పించిన పరుగులు. 1930లో హ్యాక్ విల్సన్ 191 రప్పించాడు, ఆ రికార్డు నేటికీ చెదరలేదు. అదే జట్టులో ఆ ఏడాది కైకై కైలర్ 155 సార్లు, వుడీ ఇంగ్లిష్ 152 సార్లు హోమ్ ప్లేట్ తొక్కారు, అంటే అన్ని పరుగులు చేశారు. బేస్‌ల మీద మనిషి లేకపోతే ఎంత గట్టిగా కొట్టినా ఒక్క పరుగే. విల్సన్ గొప్పతనాన్ని తగ్గించడానికి కాదు ఈ మాట, అతని ముందు నిలబడినవారి పేర్లు కూడా ఓటు వేసేవారికి గుర్తుండాలని.

పిచ్చర్ విజయాలు అంతకంటే మోసకారి. 1987లో నోలన్ రయాన్ ఈఆర్‌ఏలో, స్ట్రైకౌట్లలో (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ను అవుట్ చేయడంలో) నేషనల్ లీగు మొత్తానికి మొదటివాడు, రికార్డు చూస్తే 8 గెలుపులు, 16 ఓటములు. సై యంగ్ అతనికి రాలేదు. 2010 నాటికి ఓటర్ల చూపు మారింది. ఏడాదంతా 513 పరుగులే చేసిన సియాటిల్ జట్టులో 13 గెలిచి 12 ఓడిన ఫెలిక్స్ హెర్నాండెజ్‌కు 2.27 ఈఆర్‌ఏ చూసి అవార్డు ఇచ్చారు. మన లీగుల్లో జట్లను పంచుకునేది మనమే. నేను బలహీనమైన బ్యాటర్లను ఎంచుకుంటే శిక్ష నా పిచ్చర్‌కు పడటం ఎక్కడి న్యాయం?

అపోహ: ఓడిన జట్టు ఆటగాడికి ఎంవీపీ ఇవ్వకూడదు

1987లో ఆండ్రే డాసన్ తన విభాగంలో ఆఖరి స్థానంలో నిలిచిన కబ్స్ నుంచి ఎంవీపీ అయ్యాడు. 1972లో ఫిలడెల్ఫియా గెలిచినవి 59 ఆటలు, అందులో 27 స్టీవ్ కార్ల్‌టన్‌వే. సై యంగ్ అతనికే ఇచ్చారు. నాకు ఇంతకు మించి చెప్పాల్సిందేమీ కనిపించదు.

అపోహ: గోల్డ్ గ్లవ్‌కు ఫీల్డింగ్ రేటింగ్ చూస్తే చాలు

రేటింగ్ మనం ఆటలోకి పెట్టేది, ఆట నుంచి వచ్చేది కాదు. స్ట్రాట్-ఓ-మ్యాటిక్‌లో 1 ఉత్తమం, 5 అధమం. 1 రేటింగున్న షార్ట్‌స్టాప్‌ను (రెండో, మూడో బేస్‌ల నడుమ నిలిచే ఫీల్డర్‌ను) సగం సీజన్ బెంచి మీద కూర్చోబెడితే అతను ఆపిన బంతులు ఎన్ని? నిజ జీవితంలోనే 1999లో రఫాయెల్ పాల్మెరో ఫస్ట్ బేస్‌లో 28 ఆటలే ఆడి గోల్డ్ గ్లవ్ అందుకున్నాడు. పేరు చూసి వేసే ఓటు ఎక్కడికి దారితీస్తుందో చెప్పడానికి అంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. మా నియమం: ఆ స్థానంలో కనీసం మూడింట రెండు వంతుల ఇన్నింగ్స్ ఆడి ఉండాలి. ఆ తర్వాతే రేటింగ్, తప్పిదాలు, ఒకే బంతికి ఇద్దరిని అవుట్ చేసే డబుల్ ప్లేలు.

అపోహ: వార్ లెక్క చూస్తే చర్చే అక్కర్లేదు

సులువుగా దొరికే ప్రత్యామ్నాయ ఆటగాడి కంటే ఇతను జట్టుకు ఎన్ని విజయాలు అదనంగా తెచ్చాడన్నదే వార్. నేను ఏ వాదననూ దానితోనే మొదలుపెడతాను. కానీ సాధారణ కాలాల్లో పది పరుగులు దాదాపు ఒక విజయానికి సమానం. ఇద్దరి మధ్య తేడా 0.4 అంటే నాలుగు పరుగులు, ఒకే ఒక్క గ్రాండ్ స్లామ్. పైగా సిమ్యులేషన్‌లో ఫీల్డింగ్ విలువ చాలావరకు మనం పెట్టిన రేటింగు నుంచే తిరిగి వస్తుంది. రెండు విజయాల తేడా ఉంటే వార్ మాట వింటాను. అర విజయం తేడా ఉంటే స్కోరుపట్టీలు తెరుస్తాను.

అపోహ: ఓట్లు ఎలా లెక్కపెట్టినా విజేత మారడు

మారతాడు. అసలు ఎంవీపీ ఓటింగ్‌లో మొదటి స్థానానికి 14 పాయింట్లు, రెండో స్థానానికి 9, మూడో స్థానానికి 8, ఆ తర్వాత ఒక్కొక్కటే తగ్గుతూ పదో స్థానానికి 1. ఎనిమిది మంది ఓటర్లలో ఐదుగురు ఒకరిని మొదట, ముగ్గురు మూడో స్థానంలో పెట్టారనుకుందాం. ఆ ఆటగాడికి 94. రెండో ఆటగాడికి మూడు మొదటి స్థానాలు, ఐదు రెండో స్థానాలు వస్తే 87. ఇప్పుడు మొదటి స్థానానికి 14 బదులు 10 పెట్టండి. మొదటివాడికి 74, రెండోవాడికి 75. అవే ఓట్లు, విజేత మరొకరు. అందుకే పాయింట్ల పద్ధతిని సీజన్ మొదలుకాకముందే రాసిపెట్టాలి. ఓట్లను ప్లేఆఫ్‌లకు ముందే మూసిన కవర్లలో తీసుకోవాలి. యజమాని తన ఆటగాళ్లను వదిలేసి మిగతావారికి ఓటేయాలి, ఆ ఆటగాళ్లకు మిగిలిన ఏడుగురి సగటు చూడాలి. ఈ పద్ధతి పెట్టాక మా లీగులో అలిగి వెళ్లిపోయినవారు లేరు.

అపోహ: పిచ్చర్‌కు సై యంగ్ ఉంది, ఎంవీపీ ఎందుకు?

1968లో రెండు లీగుల ఎంవీపీలూ పిచ్చర్లే. నేషనల్ లీగులో గిబ్సన్, అమెరికన్ లీగులో 31 ఆటలు గెలిచిన డెనీ మెక్లేన్.

ఈ ఏడాది మేము ఆడుతున్నది ఆ సీజనే. ఓట్ల కవర్లు ఆదివారం తెరవాలి. యాస్ట్రెమ్‌స్కీ నా జట్టులోనే ఉన్నాడు కాబట్టి నా బ్యాలట్‌లో అతని పేరు ఉండదు. గిబ్సన్ పక్క జట్టులో ఉన్నాడు. అతను మాపై ఆడిన ఆరు ఆటల స్కోరుపట్టీలను నిన్న రాత్రి మళ్లీ చదివాను. మొదటి గీత మీద ఇంకా ఏ పేరూ రాయలేదు.